మా మిద్దె మీద ఖాకీవనం

పతంజలి ‘ఖాకీవనం’ నవలను నేను ఒక హెడ్ కానిస్టేబుల్‌కు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివి వినిపించాను. కోసిగిలో, మా మిద్దె మీద, ఎండాకాలం రాత్రుల్లో. పతంజలి మీద తర్వాత వచ్చిన వ్యాసాలు చాలానే చదివాను. సాహిత్యం బాగా తెలిసినవాళ్లు రాసినవి, మంచివి. అయితే పోలీసుల మీద రాసిన నవలను ఒక పోలీసు ఎట్లా విన్నాడన్న సంగతి వాటిలో నాకు కనపడలేదు. ఆయన ఎక్కడ నవ్వాడో, ఎక్కడ చదవడం ఆపమన్నాడో, అంతా విన్నాక ఏమన్నాడో నా కళ్లెదుట జరిగింది. ఆ హెడ్డుగారు ఇప్పుడు లేడు. ఆ రాత్రుల్లో మాతోబాటు కూర్చున్న పెద్దవాళ్లూ లేరు. అందుకే రాస్తున్నాను.

మా ఊరు తెలియనివాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. మద్రాసు–బొంబాయి రైలుదారిలో ఆదోని దాటాక, మంత్రాలయం రోడ్డు స్టేషనుకు ముందు వస్తుంది కోసిగి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మేము బళ్లారి జిల్లావాళ్లం, ఆదోని తాలూకా. ఆ తర్వాత కర్నూలు జిల్లాలో కలిశాం. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, గట్టిగా కోపమొస్తే రెండూ. నల్లరేగడి నేలలున్నాయి గానీ వాన నమ్మకం లేదు. చేతికొచ్చిన కాస్త పంట ఇల్లు చేరగానే తలుపుకు తాళమేసి, పిల్లాపాపలతో సుగ్గికి పోవడం మా దిక్కున ఏటేటా ఉండేదే. గుంటూరు వైపు మిరపకాయ కోతలకు, పత్తి తీతకు, బెంగళూరులో కట్టడం పనులకు. ఇప్పటికీ పోతున్నారు. వీధిలో సగం ఇళ్లకు తాళాలు వేలాడే ఊళ్లల్లో పోలీసుకు ఏ పని ఎక్కువగా పడుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

అది 1984. ఆ ఏడు జనవరిలోనే ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులు తీసేసింది. నేను ఆదోని ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీలో డిగ్రీ చదువుతూ ప్యాసింజరు రైల్లో పోయి వస్తుండేవాణ్ణి. మా ఇంటి ముందుభాగం ఖాళీగా ఉంటే నాయన ఒక హెడ్ కానిస్టేబుల్‌కు బాడుగకిచ్చాడు. ఆయన పనిచేసింది మా చుట్టుపక్కలే. ఏ స్టేషనో రాయను, రాయాల్సిన అవసరమూ లేదు. ఊరు కడప జిల్లా, జమ్మలమడుగు దిక్కు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. వయసు యాభైకి దగ్గర. చత్వారం వచ్చింది. అద్దాలు చేయించుకోవాలని జీతమొచ్చిన ప్రతిసారీ అనుకునేవాడు, అంతలో ఆ డబ్బు ఇంకో దానికి పోయేది. పొద్దున పేపరు నేను చదివితే వినేవాడు. అట్లా మొదలైంది మా చదువు.

మునసబులు పోయారన్న వార్త మీద ఆయన అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది. “ఇన్నాళ్లూ ఊర్లో పీనుగ లేస్తే మునసబు రాత మాకు మొదట అందుతాండె. ఇంగ మీదట కబురు జెప్పేటోడు లేడు. వాసనొచ్చినంక మేమే పోవాల.” అనేసి ఉగ్గాని తిన్నాడు. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయన ముఖంలో నవ్వు లేదు. ఆ రకం మాట పోలీసు స్టేషన్లలో పుడుతుందని, దానికి ఒక సాహిత్యం ఉందని అప్పటికి నాకు తెలియదు.

ఆదోనిలో అద్దె పుస్తకాల దుకాణాలుండేవి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు, మధుబాబు షాడో, ఆ దుకాణాల గోడలనిండా వాళ్లే. మా రైలు బోగీలో కాలేజీ పిల్లల చేతుల్లో పాఠ్యపుస్తకాల కంటే అవే ఎక్కువ కనిపించేవి. కొమ్మూరిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. రెండు తరాల తెలుగువాళ్లకు పుస్తకం పట్టుకుంటే వదలకుండా చదివే అలవాటు చేసిన రచయిత ఆయన. ముడి వేయడంలో, విప్పడంలో ఆయనకు సాటి వచ్చినవాళ్లు తక్కువ. ఒక రాత్రి యుగంధర్ నవల హెడ్డుగారికి చదివాను. ఓపిగ్గా విన్నాడు. సగానికి వచ్చాక అడిగాడు.

“శవాన్ని యాడ పెట్టినారు?”

“ఏ శవం సార్?”

“మొదట సచ్చిపాయె గదా, ఆ పెద్దమనిషి. కతలో రెండు దినాలైపాయ. కాపలా ఎవురుండారు? ఆస్పత్రికి ఎవురు ఎత్తకపోయినారు? బండి బాడుగ ఎవురిచ్చినారు?”

నవలలో ఆ సంగతి లేదన్నాను. “అదేనప్పా. మేము జేసే పని కతలో ఉండదు. ఇనస్పెక్టరొస్తాడు, టోపీ తీస్తాడు, తల గీరుకుంటాడు. డిటెక్టివు నవ్వుతాడు. ఆ శవం పక్కన రేత్రంతా నిలబడినోడు యాడపాయె?” అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

నేను సాహిత్యంలో విన్న మొదటి గట్టి విమర్శ అదే. తర్వాత కాలేజీలో విమర్శ సూత్రాలు ఎన్ని చదివినా ఒక పోలీసు నవల చేతికొచ్చిన ప్రతిసారీ నేను చూసేది అదే: శవం పక్కన నిలబడినవాడు ఈ కథలో ఉన్నాడా?

కొన్నాళ్లకు కాలేజీలో ఒక స్నేహితుడు అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి ఇచ్చి, “మీ ఇంట్లో పోలీసాయన ఉన్నాడు గదా, జాగ్రత్తగా చదువుకో” అన్నాడు. అదే ‘ఖాకీవనం’. 1980లో వచ్చిన నవల. కాకర్లపూడి నరసింహ యోగ పతంజలి, విజయనగరం జిల్లా అలమండ మనిషి, పత్రికల్లో పనిచేసే విలేకరి. 1952లో పుట్టాడు కాబట్టి ఆ నవల నాటికి ముప్ఫై కూడా నిండలేదు. మొదట నేనొక్కణ్ణే దొంగచాటుగా చదవాలనుకున్నాను. రైల్లో మొదలుపెట్టి కోసిగి వచ్చేసరికి ఆ ఆలోచన మారింది. ఇది ఆయన వినాల్సిన పుస్తకం.

మా దిక్కున ఎండాకాలం రాత్రి ఇంట్లో పడుకునేవాళ్లు ఉండరు. మట్టి మిద్దె మీద నీళ్లు చల్లి చాపలు పరుస్తారు. లాంతరు పెట్టుకుని నేను చదివేవాణ్ణి. హెడ్డుగారు గోడకు ఆనుకుని కూర్చునేవాడు. నాయన ఒక పక్క. హెడ్డుగారి భార్య నిచ్చెన దగ్గర చీకట్లో కూర్చుని వినేది. మా చేలో సేద్యం చూసే పెద్దాయన ఒకాయన, మేమంతా మామా అనేవాళ్లం, ఆయన కూడా వచ్చేవాడు.

నవల కథ ఇక్కడ చెప్పను. చదవబోయేవాళ్ల సంతోషం నేను తీసేయడం న్యాయం కాదు. పోలీసు శాఖలో పైనున్నవాడి పొగరు, కిందున్నవాడి కడుపుమంట, ఈ రెంటి మధ్యన నడిచే నవల అని మాత్రం చెబుతాను. ఇందులో ముడి విప్పే డిటెక్టివు లేడు. నేరం ఎక్కడుందని వెతకాల్సిన పని కూడా లేదు, యూనిఫాం లోపలే ఉంది. దాన్ని పతంజలి ఏడుస్తూ చెప్పలేదు. పదునైన, నల్లటి నవ్వుతో చెప్పాడు.

మొదటి రాత్రి హెడ్డుగారు నవ్వలేదు. కొంచెం భయపడ్డాడనుకుంటాను. “ఇది రాసినాయన్ను పట్టుకోలేదా?” అని అడిగాడు. లేదన్నాను. “పుస్తకం అమ్మనిస్తాండారా?” అమ్ముతున్నారన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. రెండో రాత్రి ఒకచోట ఉన్నట్టుండి, “ఆగప్పా. ఆ మాట మళ్లా సదువు” అన్నాడు. చదివాను. “ఇంగోసారి.” మళ్లీ చదివాను. అప్పుడు నవ్వాడు. చాలా ఏళ్లు లోపల అణిచిపెట్టుకున్న నవ్వు అది. కింద వీధిలో పడుకున్నవాళ్లు లేచి చూశారు. నిచ్చెన దగ్గర ఆయన భార్య కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వడం నేను అంతకుముందు వినలేదు.

అక్కడి నుంచి నవల ఒక పేజీ నడిస్తే ఆయన కథ రెండు పేజీలు నడిచేది. ఒక అధికారి ఇంట్లో ఆర్డర్లీగా చేసిన కాలం గురించి చెప్పాడు. ఆ అధికారి కుక్క తప్పిపోయింది. సరిగ్గా ఆ వారంలోనే సుగ్గికి పోయి తిరిగొచ్చిన ఒక తల్లి, రైలు దిగేటప్పుడు కొడుకు కనపడకుండా పోయాడని స్టేషనుకు వచ్చింది. తెల్లకాగితం కొనుక్కుని రమ్మన్నారు. కాగితం తెచ్చింది. రాసేటోడిని పిలుచుకుని రమ్మన్నారు. కుక్కను వెతకడానికి మాత్రం కాగితం అడగకుండా ముగ్గుర్ని పంపారు. అందులో ఈయన ఒకడు. “కుక్క దొరికిందప్పా. బాగనే ఉండె. కానీ దొరగారికి సెల్యూట్ కొట్టినంక కుక్కకు గూడా కొట్టాల్నేమో అని నాకు అనుమానం. ఎందుకైనా మంచిదని కొట్టేసినా.” నాయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ పిల్లవాడి సంగతి ఎవరమూ అడగలేదు. కొంచెం సేపయ్యాక ఆయనే చెప్పాడు. “పిల్లోడు గుంతకల్లులో దొరికినాడులే. మేము వెతికి కాదు. వాడే ఏడ్సుకుంటా ఎవురికో జెప్పుకున్న్యాడు.”

దేవరగట్టు సంగతీ అట్లనే చెప్పాడు. హొళగుంద దగ్గర దేవరగట్టులో దసరా రాత్రి మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం జరుగుతుంది. నెరణికి, కొత్తపేట దిక్కు ఊళ్లవాళ్లు ఒకవైపు, మిగిలిన ఊళ్లవాళ్లు ఒకవైపు, ఇనుప రింగులు తొడిగిన కర్రలతో కొట్టుకుంటారు. తలలు పగిలితే బండారు అద్దుకుని మళ్లీ కలబడతారు. ప్రతి ఏటా వందల మంది పోలీసుల్ని దింపుతారు. హెడ్డుగారు ఎన్నోసార్లు బందోబస్తుకు పోయినవాడు. “మా చేతిలో లాఠీ ఉంటాది. వాళ్ల చేతిలో కట్టె ఉంటాది. వాళ్లకు దేవుడు తోడున్న్యాడు. మాకు తెల్లారి రాసే రిపోర్టు తోడు. ‘ఉత్సవం ప్రశాంతంగా ముగిసినది’ అని రాయాల. ఆ మాట రాసేటోని తలకు గూడా కట్టు ఉంటాది” అన్నాడు.

అట్లా ఆయన చెబుతుంటే నాకు అర్థమైంది. పతంజలి ఈ నవ్వును కల్పించలేదు. పోలీసు బ్యారక్కుల్లో, రాత్రి కాపలాల్లో, టీ కొట్ల దగ్గర అది ముందే ఉంది. పతంజలి చేసిన పని దానికి చోటివ్వడం. అంతవరకు పత్రికల్లో, సినిమాల్లో కానిస్టేబుల్ అంటే పొట్ట వేసుకుని పరిగెత్తలేక ఆయాసపడే హాస్యపాత్ర. జనం ఆయన్ను చూసి నవ్వేవాళ్లు. ‘ఖాకీవనం’లో ఆయనే నవ్వుతాడు.

నాకు ఆసక్తి పుట్టి కాలేజీ లైబ్రరీలో పాత పత్రికలు తిరగేశాను. ఆ నవల ఊరికే పుట్టలేదని తెలిసింది. 1973 మేలో ఉత్తరప్రదేశ్‌లో సాయుధ పోలీసులు తిరగబడితే సైన్యాన్ని దించి అణిచారు. 1979లో పంజాబులో కానిస్టేబుళ్లు వీధుల్లోకి వచ్చారు. అది చాలా రాష్ట్రాలకు పాకింది. ఆ జూన్‌లో బొకారోలో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం మీదికి సైన్యం వెళ్లి కాల్పులు జరిపింది. అప్పటికి ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్ పనిచేస్తోంది. 1977 నవంబరులో వేశారు దాన్ని. 1979 ఫిబ్రవరిలో ఇచ్చిన మొదటి నివేదికే కానిస్టేబుళ్ల గురించి. పని గంటల గురించి, ఇళ్ల గురించి రాసి, ఆర్డర్లీ పద్ధతి తీసేయాలంది. ఈ సంగతి హెడ్డుగారికి చెప్పాను. “ఏ నెల అన్న్యావు? ఫిబ్రవరినా? ఆ నెలలో నేను దొరగారి బర్రెకు తవుడు కలుపుతాంటి” అన్నాడు.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి ఒకటుంది. చెప్పకపోతే ఈ జ్ఞాపకం అబద్ధమవుతుంది.

మా చేలో పనిచేసే మామ మొదటి రెండు రాత్రులు ఏమీ మాట్లాడకుండా విన్నాడు. మూడో రాత్రి మేమందరం గట్టిగా నవ్వుతున్న చోట ఆయన లేచి, చాప చుట్టి, నిచ్చెన దిగి వెళ్లిపోయాడు. నాయన పిలిచినా ఆగలేదు. పొద్దున చేలో అడిగాను. ఎన్నో ఏళ్ల కిందట, నేను పుట్టకముందు, ఎక్కడో తాళమేసిన ఇంట్లో చెంబూ తట్టా పోయాయని అనుమానం మీద ఆయన్ను ఒక స్టేషనుకు తీసుకుపోయారట. దొంగ తర్వాత దొరికాడు. ఈయన ఎడమ చెయ్యి మాత్రం ఆ రోజు నుంచి పూర్తిగా పైకి లేవదు. ఆ చెయ్యి అట్లా ఎందుకుందో అప్పటిదాకా నేను ఎప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. “పుస్తకం బాగుండాది నాయనా. మీకు నవ్వొస్తాది. నాకు రాల్యా” అన్నాడు, అంతే. మళ్లీ పనిలో పడ్డాడు.

ఆ రాత్రి హెడ్డుగారికి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. లాంతరు చిన్నది చేసి, “ఈ పొద్దుకు సాలు” అన్నాడు. రెండు రోజులు పుస్తకం తీయలేదు. తర్వాత ఆయనే అడిగి చదివించుకున్నాడు. కానీ ముందులాగా నవ్వలేదు. మామ మళ్లీ మిద్దెక్కలేదు. నవల పూర్తయ్యాక ఎట్లా ఉంది సార్ అని అడిగితే, “తర్వాత జెప్తా” అన్నాడు.

ఆ ‘తర్వాత’ వచ్చింది వానాకాలంలో, మా స్టేషను అవతల పట్టాల పక్కన శవం పడివున్న రాత్రి. గ్యాంగు మనుషులు చూసి చెప్పారు. రైల్లోంచి జారిపడ్డాడో, ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. కంకర కట్ట కింద పొలం అంచున ఉన్నాడు. అది రైల్వే పోలీసుల హద్దా, ఊరి పోలీసుల హద్దా అని తేలడానికే చీకటి పడింది. చివరికి హెడ్డుగారి మీద పడింది. శవపంచనామాకు చట్ట ప్రకారం ఆ చుట్టుపక్కల నివసించే మర్యాదస్తులు కనీసం ఇద్దరు సాక్షులుగా కావాలి. అప్పటి నేర విచారణ స్మృతిలో 174వ సెక్షన్ అది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో 194. ఊళ్లో ఎవరూ ముందుకు రాలేదు. కోర్టుల చుట్టూ తిరగాలన్న భయం. నాయన, నేను పోయాం.

పంచనామా తెల్లవారాక. అప్పటిదాకా కాపలా. హెడ్డుగారు, ఒక కుర్ర కానిస్టేబుల్, మేమిద్దరం. తుప్పర పడుతోంది. నక్కలు, కుక్కలు రాకుండా మధ్యమధ్యలో లేచి టార్చి తిప్పేవాళ్లు. శవం మీద కప్పిన గోనెపట్టా హెడ్డుగారి ఇంట్లోదే. అమ్మ పంపిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి నా దగ్గరే ఉండిపోయాయి, ఎవరూ తినలేదు. బొంబాయి వైపు పోయే బండ్లు ఒక్కోటి వెళ్తుంటే వెలుగు వచ్చి ఆ పట్టా మీద పడి పోయేది. యుగంధర్ నవలలో ఆయన అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు నా కళ్ల ముందే ఉన్నాయి. ఎవరున్నారు కాపలా? ఈయన. బండి బాడుగ ఎవరిస్తారు? ఈయనే. ఆస్పత్రికి ఎడ్లబండి మాట్లాడటానికి జేబులోంచి డబ్బు తీసి కుర్రవాడికి ఇవ్వడం నేను చూశాను. ఆ డబ్బు తిరిగొస్తుందా అని నాయన అడిగితే, “బిల్లు పెడతాం” అన్నాడు.

తెల్లారి జేబులు చూశారు. బీడీల కట్ట, అగ్గిపెట్టె, కొంచెం చిల్లర, తడిసిన రైలు టిక్కెట్టు ఒకటి. వేళ్ల సందుల్లో మిరప ఎరుపు మిగిలి ఉంది. సుగ్గి నుంచి తిరిగొస్తున్న మనిషి కావచ్చు. హెడ్డుగారు టిక్కెట్టును దూరంగా పట్టుకుని, కళ్లు చిట్లించి, నాకిచ్చి చదవమన్నాడు. ఊరి పేరు తడిసి పోయింది.

“టిక్కెట్టు కొన్నోడప్పా. మంచోడు. రైల్వే వాళ్లకు బాకీ లేడు” అన్నాడు. కుర్ర కానిస్టేబుల్ నవ్వాడు. హెడ్డుగారూ నవ్వాడు. నవ్వుతూనే కండువాతో ముఖమంతా తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం తుప్పరకు కాదని నాకు తెలుసు.

అప్పుడు చెప్పాడు తన తీర్పు, నేను అడగకుండానే. “ఆ పుస్తకం రాసినాయన ఇట్లాంటి రేత్రి మావోల్లతో కూర్చున్న్యాడు. లేకుంటే ఆ నవ్వు రాదు. ఆ నవ్వు లేకుంటే ఈ ఉద్యోగం జెయ్యలేమప్పా, పిచ్చెక్కుతాది. ఆయన కరెక్టుగానే రాసినాడు.” కొంచెం ఆగి అన్నాడు: “మీ మామ లేసిపోయినాడే, అదీ కరెక్టే. మేము నవ్వితే మా బరువు దిగుతాది. ఆయప్ప నవ్వితే ఆయప్ప చెయ్యి లేస్తాదా?”

ఇంతకంటే మంచి సమీక్ష ఆ నవలకు ఇంకెవరైనా రాశారా అంటే, నాకు కనపడలేదు.

తర్వాతి ఏళ్లలో ఈ దారిలో చాలా చదివాను. రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ మళ్లీ చదివాను. విశాఖపట్నంలో వకీలుగా కోర్టుల్లో నిలబడిన మనిషి రాసిన కథలవి. ‘మాయ’ కథలో ముత్యాలమ్మ కుర్ర వకీలుకు చట్టం అసలు రూపం చెప్పే తీరు చదివితే, పతంజలి ఏ దారిన నడిచొచ్చాడో కనిపిస్తుంది. తేడా ఏమిటంటే, రావిశాస్త్రి ఎక్కువగా బోనులో నిలబడినవాళ్ల వైపు నుంచి చూశాడు. మా మామ రావిశాస్త్రిని విని ఉంటే లేచిపోయేవాడు కాదని నా నమ్మకం. పతంజలి ‘ఖాకీవనం’లో కాపలా కాసేవాడి వైపు నుంచి చూశాడు. తెలుగులో ఈ రెండూ ఉండటం మన అదృష్టం. ఒకటి చదివి రెండోది చదవకపోతే బొమ్మ సగమే తెలుస్తుంది.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఇంగ్లీషు పుస్తకాలు తెచ్చిపెడుతుంటాడు. స్వీడన్ రచయితలు మై షోవాల్, పెర్ వాలూ ఇద్దరూ కలిసి 1965 నుంచి 1975 దాకా పది పోలీసు నవలలు రాశారు. అందులో 1968లో వచ్చిన ‘ది లాఫింగ్ పోలీస్‌మన్’ నాకు చాలా ఇష్టం. బస్సులో జరిగిన హత్యల కేసు. క్రిస్మస్‌కు కూతురు నవ్వే పోలీసు పాట రికార్డు తెచ్చి పెడితే ఇంట్లో అందరూ నవ్వుతారు, ఆ కేసు చూసే పోలీసు అధికారి మార్టిన్ బెక్ నవ్వలేడు. అమెరికాలో జోసెఫ్ వాంబా పద్నాలుగేళ్లు లాస్ ఏంజిలస్ పోలీసు శాఖలో పనిచేసి 1975లో ‘ది క్వైర్‌బాయ్స్’ రాశాడు. రాత్రి డ్యూటీ దిగాక పార్కులో చేరి తాగి, తిట్టుకుని, నవ్వుకునే పోలీసుల కథ. చదువుతుంటే కోసిగి పట్టాల పక్క రాత్రే కళ్ల ముందుకొచ్చింది. ఎక్కడైనా ఈ నవ్వు ఒకటే. మన దగ్గర అది పుస్తకంగా రావడానికి లాస్ ఏంజిలస్ దాకా చూడనక్కర్లేదు, 1980లోనే వచ్చిందని మనవాళ్లకు గుర్తు చేయాలనిపిస్తుంది.

పతంజలి తర్వాత రాసిన ‘రాజుగోరు’, ‘వీరబొబ్బిలి’, భూమి బల్లపరుపుగా ఉందని వాదించే ‘గోపాత్రుడు’ చేతిపనిలో ఇంకా గొప్పవని చాలామంది అంటారు. కాదనను. అలమండ రాజుల గప్పాల మీద ఆయన నడిపించిన హాస్యం తెలుగులో ఇంకొకరికి రాలేదు. ‘ఖాకీవనం’లో కోపం కొన్నిచోట్ల నవ్వును తోసుకుని ముందుకొస్తుంది. వాక్యం వేడెక్కి అదుపు తప్పుతుంది. విమర్శకులు చూపించిన ఆ లోపం నాకూ కనపడింది. అయినా ఆయన పుస్తకాల్లో ఒకటే తీసుకోమంటే నేను దీన్నే తీసుకుంటాను. అలమండ రాజుల్ని మనం దూరం నుంచి చూసి నవ్వగలం. ఖాకీ వేసుకున్నవాడు మన పక్కింట్లో ఉంటాడు. మన గురించి రిపోర్టు రాస్తాడు. రేపు మనం పట్టాల పక్కన పడివుంటే మన మీద తన ఇంటి గోనెపట్టా కప్పేదీ వాడే.

హెడ్డుగారు రిటైరై జమ్మలమడుగు దిక్కు వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు ఆ అట్ట ఊడిన పుస్తకం అడిగి తీసుకున్నాడు. అప్పటికి అద్దాలు వచ్చాయి. మామ మా చేలోనే పనిచేస్తూ పోయాడు. పతంజలి ‘సాక్షి’ పత్రిక ఎడిటరుగా ఉండగా 2009 మార్చి 11న పోయాడు. యాభై ఏడు కూడా నిండలేదు.

మనసు ఫౌండేషన్ వాళ్లు పతంజలి సాహిత్యాన్ని సంపుటాలుగా తెచ్చారు. ‘ఖాకీవనం’ దొరికితే ఒక్కరే చదివి పక్కన పెట్టకండి. మీ ఇంట్లోనో మీ వీధిలోనో కానిస్టేబుల్ ఉద్యోగం చేసినవాళ్లుంటే చదివి వినిపించండి. ఎక్కడ నవ్వారో, ఎక్కడ మాట్లాడకుండా ఉండిపోయారో రాసిపెట్టండి. స్టేషన్లో దెబ్బలు తిన్నవాళ్లు మీకు తెలిసుంటే వాళ్లకూ వినిపించండి, వాళ్లు లేచి వెళ్లిపోతే ఆ సంగతీ రాయండి.